పక్క తడిపే పిల్లల్ని ఊరికి తీసుకెళ్ళేదెట్టా? మీ ప్రశ్నలు, సిస్టరమ్మ జవాబులు

పోయిన సంచికలో పిల్లల నిద్ర గురించి రాశాం కదా, దానికొచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో చాలావరకు ఒకటే సంగతి. సెలవులొచ్చేశాయి, పెళ్ళిళ్ళొచ్చేశాయి, పిల్లోడేమో రాత్రిపూట పక్క తడుపుతాడు, వీణ్ణేసుకుని బయటికెట్టా పోయేది అని. నెల్లూరు, ఒంగోలు వైపుల నించి వచ్చిన వాటిల్లో కొన్ని ఇక్కడ వేస్తన్నాం. పేర్లు వేయలేదు, పిల్లల విషయం కాబట్టి అడిగినా వేయం. నేను చాలా ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, డాక్టర్ని కాదు, అందుకని మందుల డోసులు నా నోటెంట రావు, అవి మీ పిల్లల డాక్టరే చెప్పాలి. మిగతాది నాకు తెలిసినంతా దాచకుండా చెప్తా.

ప్రశ్న: సిస్టరమ్మా, మాది నెల్లూరు, వేదాయపాళెం. మా పెద్దోడికి ఎనిమిదేళ్ళు, మూడో క్లాసు. వారంలో నాలుగైదు రాత్రులు పక్క తడుపుతాడు, చిన్నప్పటి నించీ ఇంతే. వచ్చే నెల హైదరాబాదులో మా తమ్ముడి పెళ్ళి, సింహపురి ఎక్స్‌ప్రెస్ రైల్లో స్లీపర్ టికెట్లు చేశాం, ఆడ మూడు రాత్రులు కళ్యాణమండపంలోనే అందరం పడుకునేది. మా అత్త వాణ్ణి నా దగ్గర వదిలేసి పొండి, నలుగురిలో పరువు పోతాది అంటాంది. వాడు కూడా మొన్న నేను రాన్లే మా, నాకు పెళ్ళిళ్ళు ఇష్టంలేదు అనేశాడు. వాళ్ళ మామంటే వాడికి ప్రాణం. ఏం చేయాలో తోచక రాస్తన్నా.

జవాబు: తీసుకెళ్ళమ్మా, అందులో ఆలోచించేదేం లేదు. మేనమామంటే ప్రాణం పెట్టే పిల్లోడు పెళ్ళి ఇష్టంలేదు అన్నాడంటే అది ఇష్టంలేక కాదు, పక్కన పడుకున్న అన్నలూ వదినలూ పొద్దున్నే లేచి చూస్తారని భయం. ఆ భయం ఎనిమిదేళ్ళ పిల్లోడు నోరు తెరిచి చెప్పలేడు. ఇప్పుడు ఇంట్లో వదిలేసి పోతే వాడికి అర్థమయ్యేదొకటే, నాలో ఏదో తప్పుంది, అందుకే నన్ను దాచేశారు అని. అది పక్క తడపడం పోయాక కూడా చాలా ఏళ్ళు మనసులో ఉండిపోతాది.

ముందు అసలు సంగతి తెలుసుకోండి, మీ అత్తగారికి కూడా చెప్పండి. ఐదేళ్ళ పిల్లల్లో నూటికి పదిహేను మంది దాకా రాత్రి తడుపుతారు, పదేళ్ళకి వచ్చేసరికి ఐదుగురు దాకా. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో ఎక్కువ. ఏటేటా ఇట్టాంటి పిల్లల్లో నూటికి పదిహేను మందికి దానంతటదే పోతాది. ఎందుకొస్తాది అంటే, మనకి రాత్రిపూట మెదడు నించి ఒక హార్మోను వచ్చి కిడ్నీల్ని కాస్త నెమ్మదించమంటది, అప్పుడు రాత్రి మూత్రం తక్కువ తయారవుతాది. కొందరు పిల్లల్లో ఆ హార్మోను రాత్రిపూట చాలినంత రాదు, కొందరికి మూత్రాశయం రాత్రి కొంచెమే పట్టుకుంటాది, వీటితో పాటు నిండిందని కబురొచ్చినా మెలకువ రాదు. ఎనిమిదేళ్ళ పిల్లోడి మూత్రాశయం పట్టేది సుమారు 270 మిల్లీలీటర్లు. డాక్టర్ల లెక్క వయసుకి ఒకటి కలిపి ముప్పైతో గుణించడం. రాత్రంతా కలిపి అంతకన్నా ఎక్కువ తయారై, వీడికి మెలకువ రాకపోతే తడవడం తప్ప దారేముంది? సోమరితనమూ కాదు, పొగరూ కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు.

ఇప్పుడు వాడితో మాట్లాడండి. ప్రయాణం రోజు కాదు, వారం పది రోజుల ముందే, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు. నాయనా, మామ పెళ్ళికి పోతన్నాం, రాత్రి తడిస్తే ఏం చేద్దామో మనిద్దరం ముందే అనుకుందాం అని మొదలుపెట్టండి. తడవకుండా ఎట్టా అని కాదు, తడిస్తే ఎట్టా అని. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే తడవకుండా ఉండడం వాడి చేతుల్లో లేదు, తడిసినాక ఏం చేయాలనేది వాడి చేతుల్లో ఉంది. బ్యాగు వాడి చేతే సర్దించండి, ఏ జిప్పులో ఏముందో వాడికి తెలియాలి. నాలుగు నిక్కర్లు, నాలుగు బనియన్లు, రెండు పల్చటి నైట్ ప్యాంట్లు నల్లవో ముదురు నీలమో అయితే తడి కనపడదు, పసిపిల్లల కింద వేసే రబ్బరు షీట్లు పెద్ద సైజువి రెండు, తడిబట్టలు వేసేదానికి జిప్పున్న మందపాటి ప్లాస్టిక్ కవర్లు, తడి వైప్స్, చిన్న టవలు, చిన్న టార్చి.

డైపర్ ప్యాంటు సంగతి వాణ్ణే అడగండి. పసిపిల్లల సైజులు ఈ వయసు పిల్లలకి సరిపోకపోవచ్చు, పెద్దోళ్ళ డైపర్ ప్యాంట్లలో స్మాల్ సైజు నడుము కొలత చూసి తెచ్చుకోవచ్చు. వాడు సరే అంటే ఇంట్లో ఒకట్రెండు రాత్రులు వేసి చూడండి, పక్కల నించి కారతాదేమో తెలుస్తాది. వద్దంటే బలవంతం వద్దు. వేసుకుంటానంటే బాత్రూంలో వేసుకుని పైన వదులు ప్యాంటు తొడుక్కుంటే ఎవరికీ కనపడదు, శబ్దం కూడా రాదు.

రైల్లో సంగతి. వాడికి కింద బెర్తు ఇవ్వండి, మిడిల్, అప్పర్ బెర్తులొద్దు, కింద పడుకున్న వాళ్ళ మీద పడితే ఆ గొడవ వాడు మర్చిపోలేడు. బెర్తు ఎట్టా సర్దాలో చెప్తా, వార్డులో మేం చేసే పద్ధతే ఇది. ముందు ఒక రబ్బరు షీటు, దాని మీద దుప్పటి. మళ్ళీ ఇంకో రబ్బరు షీటు, దాని మీద పాత నూలు చీర నాలుగు మడతలు. అంటే రెండు పక్కలు ఒకదాని మీద ఒకటి. అర్ధరాత్రి తడిస్తే లైటు కూడా వేయబళ్ళా, పైనున్న చీరా రబ్బరు షీటూ రెండూ కలిపి తడి లోపలికి పోయేట్టు చుట్టేసి కవర్లో పెట్టి జిప్పు లాగండి, కింద పొడి పక్క రెడీగా ఉంటాది, పిల్లోడు ప్యాంటు మార్చుకుని మళ్ళీ పడుకుంటాడు. చేయి తిరిగినోళ్ళకి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఎదురు బెర్తు వాళ్ళకి మెలకువ కూడా రాదు. ఇంట్లో ఒకసారి చీకట్లో వాడూ మీరూ కలిసి చేసి చూడండి, పిల్లలకి ఇట్టాంటివి చేయడం ఇష్టం.

పడుకునే ముందు ఒకసారి పాస్ పోయించండి, పళ్ళు తోమించి దుప్పటి కప్పే ముందు ఇంకోసారి. మీరు మేలుకునుంటే మధ్యలో ఒకసారి లేపి తీసుకెళ్ళండి, కానీ సగం నిద్రలో మోసుకెళ్ళి నిలబెట్టడం కాదు, పేరు పిలిస్తే పలికేంత మెలకువ రావాలి, రైల్లో ఊగుతుంటాది కాబట్టి పట్టుకోవాలి కూడా. ఇట్టా లేపడం వల్ల జబ్బు తగ్గదు, ప్రయాణంలో ఒక రాత్రి గడవడానికి పనికొస్తాది అంతే. తెల్లారేసరికి సికింద్రాబాద్. రాత్రి ప్రయాణమే వద్దనుకుంటే తిరుపతి నించి సికింద్రాబాద్ పోయే వందే భారత్ నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగుతాది, సాయంత్రం ఎక్కితే ఆ రాత్రికే దిగిపోతారు, ఖర్చెక్కువ, వారంలో ఒక రోజు ఉండదు, చూసుకోండి.

కళ్యాణమండపం దగ్గరే అసలు పని. పిల్లలందరూ ఒక వరసలో జంపకానాల మీద పడుకుని అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకుంటారు, మీవాడు కూడా అందులోనే ఉండాలనుకుంటాడు, ఉండనివ్వండి. వరసలో చివర, బాత్రూం వైపు, మీ పక్కన వాడి చోటు అని సాయంత్రమే పక్క పరిచేయండి, అప్పుడెవరూ అడగరు. పెళ్ళిలో పిల్లలు అలిసిపోయి లేటుగా పడుకుంటారు, ఆ రాత్రి నిద్ర ఇంకా మొద్దుగా పడతాది, తడిసే అవకాశమూ ఎక్కువే, అందుకని ఇంట్లో రెండు రోజులుగా పొడిగానే లేచాడు కదా అని రబ్బరు షీటు వేయకుండా ఉండొద్దు.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. పెళ్ళిళ్ళలో పిల్లలు ఆ బాత్రూములకి మోషన్‌కి పోరు. రెండు మూడు రోజులు బిగబట్టుకుంటారు. పేగు నిండిపోయి ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతాది, అప్పుడది పట్టుకోవాల్సినంత పట్టుకోలేదు. రోజూ పొద్దున టిఫిన్ అయ్యాక బకెట్టు నీళ్ళతో బాత్రూం కడిగి మరీ కూర్చోబెట్టండి. అరటిపండు, జామకాయ తినిపించండి. పగలు కూడా రెండు మూడు గంటలకోసారి పాస్‌కి పంపండి, ఆటల్లో పడి బిగబట్టుకుంటారు.

నీళ్ళు మాన్పించొద్దు, ఈ ఎండల్లో అది ఇంకా ప్రమాదం. రోజు మొత్తం తాగేదాంట్లో ఎక్కువ భాగం సాయంత్రం ఐదులోపు తాగేట్టు చూడండి, ఆ తర్వాత కొంచెం కొంచెం. కూల్ డ్రింకులు, టీ, కాఫీ సాయంత్రం నించి వద్దు. రాత్రి భోజనంలో ఉప్పు, కారం ఎక్కువైతే దాహమేసి పడుకోబోయే ముందు గ్లాసులకి గ్లాసులు తాగేస్తారు, మన చేపల పులుసు రాత్రికి కాకుండా మధ్యాహ్నం పెట్టండి. అయితే ఒక్క మాట, ఇదంతా మీరు చూసుకోవాలి గానీ పంక్తిలో అందరి ముందరా ఎవరో ఒక పిన్నమ్మ లేచి 'అయ్యో వాడికి మజ్జిగ పోయమాకండి, రాత్రికి పోసేస్తాడు' అని అరిచే పరిస్థితి రాకూడదు. నేను చూశా ఇట్టాంటివి, పిల్లోడు విస్తరి ముందర తల వంచుకుని అన్నం కెలుకుతా ఉంటాడు, తినడు, లేవడు. అందుకని ఎవరికి చెప్పాలో వాణ్ణే అడగండి, ఒక్కరికి చాలు, మీ అమ్మకో, పెళ్ళికొడుకు మామకో. మీ ఆయనకెట్టాగూ తెలుసు. అంతకు మించి ఎవరికీ తెలియాల్సిన పని లేదు.

మీ అత్తగారితో గొడవ పెట్టుకోకండి, ఆమె కూడా మనవడు నవ్వులపాలు కాకూడదనే అంటాంది. ఈ ఏర్పాట్లన్నీ చూపించండి, పాత నూలు చీర ఆమెనే అడగండి.

ప్రశ్న: నమస్తే మేడం. మాది ఒంగోలు. మా పాపకి పదకొండేళ్ళు, ఆరో తరగతి. నెలలో ఐదారుసార్లు రాత్రిపూట అవుతుంది, పగలేమీ లేదు. స్కూలు వాళ్ళు వైజాగ్, అరకు మూడు రోజుల టూరు పెట్టారు, పాప వెళ్తానని ఏడుస్తుంది, మా ఆవిడ వద్దంటుంది. మెడికల్ షాపులో తెలిసినాయన ఒక టాబ్లెట్టుంది, వేస్తే ఆ రాత్రి రాదు అన్నాడు. వేయొచ్చా? టీచర్‌కి చెప్పాలా వద్దా?

జవాబు: అన్నా, ఆయన చెప్పింది డెస్మోప్రెసిన్ అయి ఉంటాది. ఆ మందు ఉన్నమాట నిజమే, రాత్రిపూట రావాల్సిన హార్మోను పని అది చేస్తాది, టూర్లకీ క్యాంపులకీ డాక్టర్లు రాస్తారు కూడా. కానీ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది. దీనితో ఒకటే పెద్ద ప్రమాదం, వేసుకున్నాక నీళ్ళు తాగితే ఆ నీళ్ళు బయటికి పోక రక్తంలో సోడియం పడిపోతాది. తలనొప్పి, వాంతులు, మత్తుగా ఉండడం, ముదిరితే ఫిట్స్. అందుకని మాత్ర వేసుకునే గంట ముందు నించి, వేసుకున్నాక ఎనిమిది గంటల దాకా, అంటే తెల్లారేదాకా, నీళ్ళు మానేయాలి, మరీ దాహమైతే ఒక గుటక. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజు మాత్ర అసలు వేయకూడదు. ముక్కులో కొట్టుకునే స్ప్రే రూపంలో కూడా ఈ మందు ఉంది, పక్క తడపడానికి దాన్ని వాడొద్దని 2007లోనే అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది, ఎవరన్నా ఇస్తే తీసుకోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, టూరుకి కనీసం రెండు మూడు వారాల ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. యూరిన్ టెస్టు చేస్తారు, మోషన్ సరిగ్గా అవుతుందా అడుగుతారు, అవసరమనుకుంటే మాత్ర రాస్తారు. ఇంట్లోనే కొన్ని రాత్రులు వేసి చూడాలి, ఎందుకంటే అందరికీ పనిచేయదు, కొందరికి డోసు మార్చాల్సొస్తాది. మొదటిసారి అరకు హోటల్లో వేసి చూడ్డం మాత్రం వద్దు. ఇంకో సంగతి, మందు మానేస్తే చాలామందికి మళ్ళీ మామూలే, ఇది ఆ మూడు రాత్రులకి ఆసరా, నయం చేసే మందు కాదు. పాపకి ఈ సంగతి ముందే చెప్తే టూరు అయ్యాక మళ్ళీ తడిసినప్పుడు కుంగిపోదు.

టీచర్‌కి చెప్పాలి. అందరికీ కాదు, టూరుకి వెళ్ళే లేడీ టీచర్ ఒకరికి, పాపని అడిగి, పాప ముందరే. మాత్ర ఎన్ని గంటలకి, నీళ్ళు ఎందుకు తాగకూడదు, తలనొప్పి వాంతులొస్తే వెంటనే డాక్టరుకి చూపించి ఈ మందు వేసుకుంది అని చెప్పాలని ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. రాత్రి క్యాంప్ ఫైరు దగ్గర పిల్లలు పోటీపడి కూల్ డ్రింకులు తాగేది ఆ టైముకే, అందుకే టీచర్‌కి తెలియాలి. పదకొండేళ్ళ ఆడపిల్ల కాబట్టి ఇంకో వెసులుబాటు ఉంది, ఈ వయసులో కొంతమంది పిల్లలు ప్యాడ్లు, విడి బట్టలు బ్యాగులో తీసుకురావడం మామూలే, బాత్రూంకి చిన్న పౌచ్ పట్టుకుని పోతే ఏంటని ఎవరూ అడగరు. డైపర్ ప్యాంటు ఆ పౌచ్‌లోనే పెట్టండి. స్లీపింగ్ బ్యాగు ఇస్తే లోపల రబ్బరు షీటు పరుచుకోవచ్చు. పంపించండన్నా, ఆ వయసులో క్లాసు మొత్తం పోయి తానొక్కతే ఇంట్లో ఉంటే ఆ బాధ తల్లిదండ్రులు తీర్చలేరు.

ప్రశ్న: అమ్మా, నేను ఆత్మకూరు దగ్గర పల్లె నించి నా మనవరాలి చేత రాయిస్తండా. మా కూతురు కొడుకు, ఆరేళ్ళు, బెంగుళూరు నించి సెలవలకొస్తాడు, రాత్రిపూట పక్క తడుపుతాడు. వాడి కోసం జొన్నవాడ కామాక్షమ్మ దగ్గర నిద్ర చేయిస్తానని మొక్కుకున్నా. ఇప్పుడు గుళ్ళో తడిపితే అపచారం కదా అని భయంగా ఉండాది. తాయెత్తు కట్టిస్తే పోతాదంటారు, నువ్వులుండ తినిపించమంటారు, ఇంకొకామె వాత పెడితే రెండో రోజుకే మానుకుంటాడంది. ఏది చేయమంటావు?

జవాబు: పెద్దమ్మా, ముందు ఆ చివరిది. వాత పెట్టడం, పెడతానని అట్లకాడ చూపించి బెదిరించడం, ఆ మాట చెప్పినామెని ఇంటికి కూడా రానివ్వమాక. నిద్రలో జరిగేదానికి మెలకువలో కొడితే ఏం లాభం, పిల్లోడు భయంతో పడుకుంటాడు, ఇంకా ఎక్కువవుతాది. కాలిన బిడ్డల్ని వార్డులో చూసినదాన్ని, చేతులెత్తి మొక్కి చెప్తండా.

నువ్వులుండ పెట్టు, బెల్లం, నువ్వులు బలమే, పిల్లలకి మంచిదే. దాంతో పక్క తడపడం పోతాదని మాత్రం ఎదురుచూడమాక. తాయెత్తు నీ నమ్మకం, కట్టించుకుంటే కట్టించుకో, కానీ అందరూ చూసేట్టు మెడలో కట్టి 'ఇది పక్కలో పోయకుండా కట్టించా' అని వచ్చినోళ్ళకల్లా చెప్పమాక. ఇంకో సంగతి నీ అల్లుణ్ణీ, కూతుర్నీ గట్టిగా అడుగు, చిన్నప్పుడు వాళ్ళకీ ఉండిందేమో. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే నూటికి నలభై నాలుగు మంది పిల్లలకి, ఇద్దరికీ ఉంటే డెబ్బై ఏడు మందికి వస్తాదని లెక్కలున్నాయి. 1995లో డెన్మార్కులో పరిశోధన చేసి, తల్లిదండ్రుల నించి పిల్లలకి గుణాలు మోసుకొచ్చే క్రోమోజోముల్లో 13వదానికీ దీనికీ సంబంధముందని కనుక్కున్నారు. నాన్నకి కూడా ఉండింది, పెద్దయ్యాక పోయింది అని వాళ్ళ నాన్నే పక్కన కూర్చుని చెప్తే పిల్లోడికి ఎంత ధైర్యమో నువ్వే చూస్తావు.

జొన్నవాడ మొక్కు మానుకోవద్దు. అమ్మవారి దగ్గర నిద్ర చేసేవాళ్ళలో చంటిబిడ్డల తల్లులు ఎందరుంటారు, ఆ పసిబిడ్డలు తడపరా? మొక్కుకున్నదే వాడి కోసం కదా, వాడి చేతుల్లో లేనిదానికి అమ్మ ఎందుకు కోప్పడతాది. అయినా నీ మనసుకి నెమ్మదిగా ఉండాలంటే డైపర్ ప్యాంటు వేయించు, కింద చాప, చాప మీద రబ్బరు షీటు, దాని మీద మీ దుప్పటి, అంతా మీ ఇంటి బట్టలే, గుడి నేల మీద చుక్క పడదు. గోడ వైపు పడుకోబెట్టుకో. పొద్దున్నే స్నానం చేయించి దర్శనానికి తీసుకెళ్ళు. ఆరేళ్ళంటే ఇంకా చిన్నోడే, ఐదు దాటాకే డాక్టర్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు, పగలు బాగుండి, మోషన్ బాగుంటే కంగారుపడే పనేం లేదు.

ప్రశ్న: కావలి నించి. మా తొమ్మిదేళ్ళ బాబుకి ఆన్‌లైన్లో తడి తగిలితే మోగే అలారం తెప్పించాం. ఇంకో పది రోజుల్లో వాళ్ళ అమ్మమ్మ వాళ్ళ ఊరు పోతున్నాం, పదిహేను రోజులుంటాం. ఇప్పుడే మొదలుపెట్టి అక్కడ కూడా వాడాలా?

జవాబు: ఇప్పుడొద్దు, వచ్చాక మొదలుపెట్టండి. అలారం మంచి పద్ధతి, మూడొంతుల్లో రెండొంతుల మంది పిల్లలకి పనిచేస్తాది, మాత్రల లాగా కాకుండా మానేశాక కూడా చాలామందికి పొడిగానే ఉంటాది. 1904లో ఫౌండ్లర్ అనే పిల్లల డాక్టరు వార్డులో ఏ పిల్లోడు తడిపాడో నర్సులకి తెలియడానికి గంట మోగే ఏర్పాటు పెట్టాడు, పక్కలు మార్చడం కోసం, కొన్నాళ్ళకి చూస్తే పిల్లలకి తడపడమే తగ్గుతా వచ్చింది. నర్సుగా చేసినదాన్ని కదా, ఆ సంగతి నాకు చాలా ఇష్టం. కానీ దీనికి రెండు మూడు నెలలు వరసగా ప్రతి రాత్రీ వాడాలి, మొదట్లో పిల్లోడికి మెలకువ రాదు, మీరు లేచి వాణ్ణి లేపాలి. అమ్మమ్మ ఇంట్లో మిద్దె మీద అందరూ పడుకుని ఉండగా అది మోగిందంటే ఊరంతా లేస్తాది, వాడు ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోనంటాడు. ఆ పదిహేను రోజులు రబ్బరు షీటు, రెండు పక్కల పద్ధతి చాలు, తిరిగొచ్చి బడి తెరిచాక అలారం పెట్టండి.

ప్రశ్న: మేం కనిగిరి నుంచి బెంగుళూరుకి నైట్ స్లీపర్ బస్సులో వెళ్ళాలి, పాపకి ఏడేళ్ళు. బస్సులో బాత్రూం ఉండదు. పగటి బస్సులు మాకు కుదరవు.

జవాబు: కుదరదన్నారు కాబట్టి రాత్రిదే చూద్దాం. డైపర్ ప్యాంటు తప్పనిసరి, ఇక్కడ ఇష్టాఇష్టాలు అడిగే వీలు లేదు, పాపకి కారణం చెప్పండి, అర్థం చేసుకుంటాది. అప్పర్ కాకుండా లోయర్ డబుల్ బెర్తు తీసుకుని మీరు పక్కన పడుకోండి. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కో క్లీనర్‌కో చిన్నపిల్ల ఉంది బాబూ, ఆపినప్పుడు మా కర్టెన్ దగ్గరికొచ్చి ఒక మాట చెప్పు అనండి, చెప్తారు, వాళ్ళకీ పిల్లలుంటారు. భోజనానికి ఆపిన చోట నిద్రపోతున్నా లేపి తీసుకెళ్ళండి. ఏసీ చలికి మూత్రం ఎక్కువొచ్చినట్టుంటాది, గాలి పాప మీద పడకుండా మూసి దుప్పటి కప్పండి.

ప్రశ్న: అక్కా, మాది కందుకూరు. మా బాబుకి ఏడేళ్ళు. నాలుగేళ్ళకే రాత్రిపూట తడపడం మానేశాడు. పోయిన నెల చెన్నైలో మా చెల్లెలింటికి పోయొచ్చినాక మళ్ళీ మొదలైంది, ఇప్పుడు రోజూ. ప్రయాణంలో ఏమన్నా భయపడ్డాడేమో అంటన్నారు. ఎండలకేమో నీళ్ళు కూడా తెగ తాగుతున్నాడు, కొంచెం చిక్కాడు. పదిహేను రోజుల్లో మొక్కుకి శ్రీశైలం పోవాలి, పోవచ్చా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదవగానే ముందు నీకు ఫోన్ చేయించాను, ఇక్కడ వేస్తన్నది ఇట్టాంటిదే ఇంకెవరింట్లో అన్నా ఉంటే చూస్తారని. చిన్నప్పటి నించీ తడుపుతా ఉండడం వేరు, ఆర్నెల్లకు పైగా పొడిగా ఉండి మళ్ళీ మొదలవడం వేరు. రెండో దానికి ఒక్కోసారి భయమో, ఇంట్లో గొడవో, కొత్త బిడ్డ పుట్టడమో కారణం ఉంటాది, నిజమే, కానీ అది చివర అనుకోవాల్సింది. ముందు యూరిన్‌లో ఇన్‌ఫెక్షన్, షుగర్ చూడాలి. మంటగా ఉందంటే, పగలు కూడా ఊరికూరికే పోతన్నాడంటే ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. దాహం, ఎక్కువసార్లు పాస్‌కి పోవడం, బరువు తగ్గడం, ఈ మూడూ కలిసి వస్తే మాత్రం పిల్లల్లో వచ్చే షుగర్ అనుమానించాలి. మన వైపు రోహిణి కార్తెలో ఎవరు నీళ్ళు ఎక్కువ తాగినా ఎండలకిలే అనేస్తాం, అట్టా అనుకుని రోజులు గడిపేస్తే పిల్లలు కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, మత్తుతో ఎమర్జెన్సీకి వస్తారు. వేలి చివర ఒక చుక్క రక్తంతో, యూరిన్‌లో ఒక స్ట్రిప్ ముంచితే నిమిషాల్లో తెలిసిపోతాది, ప్రైమరీ హెల్త్ సెంటర్లో కూడా చేస్తారు.

ఈ సందర్భంలోనే మిగతా వాళ్ళు కూడా గుర్తుంచుకోండి. పగలు కూడా బట్టల్లో పడుతుంటే, ధార సన్నగా ముక్కి పోస్తుంటే, రాత్రిపూట గట్టిగా గురక పెడుతుంటే, నడుము కింద వెన్ను మీద గడ్డో జుట్టు కుచ్చో ఉంటే, కాళ్ళలో బలం తగ్గినట్టుంటే ప్రయాణం కన్నా ముందు డాక్టర్ దగ్గరికి పోవాలి.

బాబుకి నీళ్ళు మాత్రం ఆపొద్దు, దాహమైనంత తాగనివ్వండి. ఆదివారమని ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి, షుగర్ టెస్టు చేయమని మీరే నోరు తెరిచి అడగండి, కొంచెం మత్తుగా ఉన్నా, వాంతి అయినా నేరుగా పెద్దాసుపత్రికే. రిజల్టు చూసుకున్నాక అప్పుడు డాక్టర్నే అడుగుదాం శ్రీశైలం సంగతి.